పాఠకుల ప్రశ్నలు: ఆయుధ నియంత్రణే వృత్తిగా

ప్రశ్న: అంతర్జాతీయ సంబంధాల్లో ఎం.ఏ. చదువుతున్నాను. ఆయుధ నియంత్రణ చర్చల్లో పాల్గొనే దౌత్యవేత్తను కావాలని నా కోరిక. వారు రోజూ చేసే పని ఎలా ఉంటుంది? సైన్సు చదవనివారు ఇందులో రాణించగలరా?

సమాధానం: ఒప్పందం మీద సంతకాలు జరిగిన రోజు పత్రికల్లో దేశాధినేతల ఫొటోలు వస్తాయి. అందులోని ఒక్కో వాక్యం కోసం ఏళ్ల తరబడి కూర్చుని వాదించినవారి పేర్లు చాలామందికి తెలియవు. మీరు కోరుకుంటున్నది వారి మధ్య చోటు కనుక, ముందుగా ఆ పని ఎలా సాగుతుందో చెబుతాను.

జెనీవాలోని నిరాయుధీకరణ సదస్సు వంటి వేదికల్లో చర్చంతా ఒక ముసాయిదా చుట్టూ తిరుగుతుంది. ఏ బృందానికైనా అభ్యంతరం ఉన్న మాటను చదరపు బ్రాకెట్లలో ఉంచుతారు. ఒక్క బ్రాకెట్ తొలగించాలంటే ఎదుటి బృందంతో మాట్లాడి, సొంత రాజధానికి నివేదిక పంపి, అక్కడ విదేశాంగ శాఖ, రక్షణ శాఖ, శాస్త్రవేత్తలు ఒక మాట మీదికి వచ్చి ఆదేశాలు పంపేదాకా ఆగాలి. ఆ ఆదేశాలు అందేసరికి ఎదుటి పక్షం వైఖరి మారిపోయి ఉండవచ్చు. ఈ నిరీక్షణను భరించలేనివారు ఈ రంగంలో ఎక్కువ కాలం నిలవలేరు.

అంత జాగ్రత్త ఎందుకన్నది 1972 నాటి తొలి సాల్ట్ ఒప్పందాన్ని చూస్తే అర్థమవుతుంది. అమెరికా, సోవియట్ యూనియన్ల దీర్ఘశ్రేణి క్షిపణుల ప్రయోగ వ్యవస్థలు ఇక పెరగకుండా అది కట్టడి చేసింది గానీ, ఒక్కో క్షిపణి మోసే వార్‌హెడ్ల (లక్ష్యాన్ని చేరి పేలే అణుబాంబుల) సంఖ్య జోలికి పోలేదు. ఒకే క్షిపణికి అనేక వార్‌హెడ్లు అమర్చే పరిజ్ఞానం అప్పటికే చేతికి రావడంతో, ఆ దశాబ్దంలో ఇరుపక్షాల వార్‌హెడ్లు వేల సంఖ్యలో పెరిగాయి. దేన్ని లెక్కించాలో తేల్చుకోకుండా ఎంతకు పరిమితం చేయాలో చర్చించడం వృథా అని నా అభిప్రాయం.

2010లో అమెరికా తరఫున రోజ్ గాటెమోలర్, రష్యా తరఫున అనతోలీ ఆంతోనోవ్ సారథ్యం వహించిన చర్చల ఫలితంగా వచ్చిన న్యూ స్టార్ట్ ఒప్పందంలో ఈ జాగ్రత్త స్పష్టంగా కనిపిస్తుంది. ఇరుదేశాలూ మోహరించే వార్‌హెడ్లకు 1,550 పరిమితి పెట్టడంతో సరిపెట్టక, వాటిని ఎలా లెక్కపెట్టాలో కూడా అందులో రాసుకున్నారు. దాని ప్రకారం తనిఖీకి వచ్చినవారికి క్షిపణి ముందుభాగాన్ని తెరిచి చూపాల్సి ఉండేది. అయితే ఆకృతి రహస్యాలు బయటపడకుండా లోపలి వస్తువులపై ముసుగులు కప్పి ఉంచే వీలుండేది. తనిఖీదారులు ఆ ముసుగులను లెక్కపెట్టేవారు. ఫలానాది అణ్వాయుధం కాదని ఆతిథ్య దేశం చెబితే, రేడియేషన్‌ను కొలిచే పరికరంతో సరిచూసుకునే వీలుండేది. రహస్యాన్ని కాపాడుతూనే నమ్మకం కలిగించే ఇలాంటి ఏర్పాటును శత్రుదేశాల ప్రతినిధులు కలిసి కూర్చుని రూపొందించడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

ఇక సైన్సు డిగ్రీ తప్పనిసరి కాదు. బృందంలో నిపుణులు ఉంటారు. భూకంప తరంగాల ద్వారా భూగర్భ అణుపరీక్షలను పసిగట్టే పద్ధతులపై 1976 నుంచి జెనీవాలో శాస్త్రవేత్తల బృందం పనిచేసింది. వారు చెప్పేది అర్థం చేసుకుని, అడగవలసిన ప్రశ్న అడగగలిగే పరిజ్ఞానం దౌత్యవేత్తకు ఉండాలి. అది పట్టుదలగా చదివితే వచ్చేదే.

ప్రశ్న: అణ్వస్త్రాలు లేని చిన్న దేశాల దౌత్యవేత్తల మాటకు ఈ చర్చల్లో విలువ ఉంటుందా?

సమాధానం: తప్పకుండా ఉంటుంది. లాటిన్ అమెరికాను అణ్వస్త్ర రహిత ప్రాంతంగా మార్చిన 1967 నాటి త్లాతెలోల్కో ఒప్పందానికి ప్రధాన కారకుడు మెక్సికో దౌత్యవేత్త అల్ఫోన్సో గార్సియా రోబ్లెస్. స్వీడన్‌కు చెందిన ఆల్వా మిర్డాల్‌తో కలిసి ఆయన 1982లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని నిరవధికంగా పొడిగించాలా వద్దా అని 1995లో న్యూయార్క్ సదస్సు తర్జనభర్జన పడినప్పుడు, అధ్యక్ష స్థానంలో ఉన్న శ్రీలంక దౌత్యవేత్త జయంత ధనపాల ఓటింగు అవసరం లేకుండానే నిర్ణయం జరిగేలా చూశారు. పొడిగింపుతో పాటు నిరాయుధీకరణ లక్ష్యాలను, సమీక్షా విధానాన్ని కలిపి ఒకే కట్టగా ముందుంచడం వల్లనే అది సాధ్యపడింది.

కాదని చెప్పడం కూడా ఈ వృత్తిలో భాగమే. సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందం ముసాయిదాను భారత ప్రతినిధి అరుంధతీ ఘోష్ 1996లో జెనీవాలో గట్టిగా వ్యతిరేకించారు. అక్కడ ఏకాభిప్రాయం తప్పనిసరి కావడంతో సదస్సు దానిని ఆమోదించలేకపోయింది. తర్వాత ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 158 ఓట్లతో ఆమోదించినా, పేర్లతో సహా పేర్కొన్న 44 దేశాలూ ధ్రువీకరించాలన్న నిబంధన వల్ల అది ఇప్పటికీ అమల్లోకి రాలేదు.

ప్రశ్న: ఏళ్ల తరబడి శ్రమించి కుదిర్చిన ఒప్పందం ఒక్క ప్రకటనతో రద్దయిపోతే ఆ జీవితం వృథా అయినట్లు కాదా?

సమాధానం: ఆ బాధ నిజమైనదే, దాన్ని తక్కువ చేసి చెప్పను. 1982 జులైలో అమెరికా ప్రతినిధి పాల్ నిట్జ్, సోవియట్ ప్రతినిధి యూలీ క్విత్సిన్‌స్కీ జెనీవాకు సమీపంలోని అడవిలో నడుస్తూ మధ్యశ్రేణి క్షిపణులపై ఒక రాజీకి వచ్చారు. రెండు రాజధానులూ దానిని తిరస్కరించాయి. ఐదేళ్లకు, 1987లో, ఆ తరగతి క్షిపణులనే పూర్తిగా నిషేధించే ఒప్పందం కుదిరి, 2,692 క్షిపణులు ధ్వంసమయ్యాయి. 2019లో ఆ ఒప్పందం కూడా ముగిసిపోయింది. అయినా ధ్వంసమైన ఆ క్షిపణులు తిరిగి రాలేదు. ఆ ఒప్పందం కోసం రూపొందిన ప్రత్యక్ష తనిఖీ పద్ధతులు, అమెరికా, సోవియట్ యూనియన్ల దీర్ఘశ్రేణి అణ్వస్త్రాలను తగ్గించేందుకు కుదిరిన 1991 నాటి స్టార్ట్ ఒప్పందానికి ఆధారమయ్యాయి.

ఈ వృత్తిలోకి రాదలచినవారు రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందాన్ని, ముఖ్యంగా తనిఖీలకు సంబంధించిన అనుబంధాన్ని, మొదటి నుంచి చివరిదాకా చదవాలి. దౌత్య సర్వీసులో చేరాక, యువ దౌత్యవేత్తల కోసం ఐక్యరాజ్యసమితి నిర్వహించే నిరాయుధీకరణ ఫెలోషిప్‌కు మీ పేరు ప్రతిపాదించమని మీ ప్రభుత్వాన్ని కోరవచ్చు.