టెక్ సందేహాలు: యాప్ తర్వాత, ముందు వంటింటి కాటా

చలి మొదలైతే చాలు, ఈ శీర్షికకు వచ్చే మెయిళ్లలో ఫోన్ హ్యాంగ్ కష్టాలు తగ్గి గండికోట ప్రయాణాలు పెరుగుతాయి. ఈ వారం అన్నీ వాటికే.

సందేహం: స్నేహితుడితో కలిసి గండికోటలో ఒక రాత్రి గడపాలని ప్లాన్. సర్దిన సంచి తూకం వేస్తే 14 కిలోలు వచ్చింది. తేలికపాటి టెంటు కొందామంటే ధరలు నా జీతానికి అందేలా లేవు. బరువు లెక్క చూసుకోవడానికి మంచి యాప్ ఏదైనా ఉందా? (అనంతపురం నుంచి ఓ ప్రైవేటు ఉద్యోగి)

జవాబు: ముందు కాటా కొనండి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా ఒక్కో గ్రాము తేడా కూడా చూపిస్తుంది. తర్వాత గూగుల్ షీట్స్‌లో నాలుగు కాలమ్‌లు పెట్టండి: వస్తువు, గ్రాములు, ధర, పోయినసారి వాడారా లేదా. టూత్‌బ్రష్ కూడా వదలకుండా ఒక్కొక్కటీ తూచి రాయండి. షీట్లతో చిరాకైతే ఇదే పనికోసం లైటర్‌ప్యాక్ అనే వెబ్‌సైట్ ఉంది. తిండి, నీళ్లు, ఇంధనం పోగా మిగిలిన బరువును ఈ పిచ్చి ఉన్నవాళ్లు బేస్ వెయిట్ అంటారు. అది పది పౌండ్ల లోపు, అంటే సుమారు 4.5 కిలోల లోపు ఉంటే అల్ట్రాలైట్ అని కాలర్ ఎగరేస్తారు. మీకు ఆ పోటీ అక్కర్లేదు. ఆరేడు కిలోలకు దిగితే హాయిగా నడవొచ్చు.

రాస్తూ పోతుంటే అసలు దొంగలు బయటపడతారు. లీటరు స్టీలు బాటిల్ ఖాళీగానే 300 గ్రాముల దాకా తూగుతుంది. షాపులో నీళ్లు అమ్మే ప్లాస్టిక్ బాటిల్ 30 గ్రాములకు అటూ ఇటూ. పైసా ఖర్చు లేకుండా పావు కిలో పోయింది. ఇలా ఒక్కోటీ తీసేస్తుంటే వచ్చే సరదా కొత్త ఫోన్ కొన్నా రాదు, నన్నడిగితే.

ఇక టెంటు. చెనిక్కాయలు ఆరబోయడానికి రైతులు కొనే టార్పాలిన్ పట్ట చూడండి. షాపులో అడగాల్సింది రంగు కాదు, జీఎస్ఎం. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే అంకె అది. 12 అడుగులకు 9 అడుగుల పట్ట సుమారు 10 చదరపు మీటర్లు. కాబట్టి 200 జీఎస్ఎం అయితే 2 కిలోలు, 120 అయితే 1.2 కిలోలు. కళ్లంలో ఏళ్ల తరబడి ఎండకు పడుండాలంటే మందంగా ఉండాలి గానీ, ఒక రాత్రి మంచును, గాలిని ఆపడానికి 120 చాలు. ఇద్దరూ పడుకోవచ్చు.

ఒక చిక్కుంది. గండికోట అంచు దగ్గర చాలాచోట్ల నేలంతా బండ, మేకులు దిగవు. రెండు మూడు ఖాళీ బియ్యం సంచులు మడిచి తీసుకెళ్లండి. అక్కడే రాళ్లు నింపి, సంచి మూతికి తాడు కట్టండి. తాడును నేరుగా రాయికి కడితే రాత్రంతా గాలికి ఊగి, పదును అంచుకు రాసుకుని తెగుతుంది. పెన్నా లోయ అంచుకు బాగా వెనక్కి వేసుకోండి. వెళ్లేముందు ఒక రాత్రి మిద్దె మీద ఇదంతా కట్టి పడుకోండి. మిద్దె మీద కూడా మేకులు దిగవు కాబట్టి అంతకంటే మంచి రిహార్సల్ లేదు.

స్టవ్ కూడా తీసేయండి. విదేశాల్లో బరువు తగ్గించేవాళ్లు ఓట్స్, నూడుల్స్ చన్నీళ్లలో నానబెట్టి తింటారు, దానికి కోల్డ్ సోకింగ్ అని పేరు పెట్టుకున్నారు. పాపం, వాళ్లకు ఉగ్గాని తెలియదు. బొరుగులు చన్నీళ్లలో ముంచి పిండేసి, ఇంటి దగ్గరే చేసి డబ్బాలో తెచ్చుకున్న తిరగమోత, పప్పుల పొడి కలిపితే టిఫిన్ రెడీ. ఎండుగడ్డి మధ్య నిప్పుతో పని లేదు. బజ్జీ లేని లోటు మాత్రం భరించాల్సిందే.

సందేహం: పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పితే ఆరు సెల్స్ వచ్చాయి. ఖాళీ పవర్ బ్యాంక్ బాక్స్ తెప్పించి వాటిని అందులో వేసుకుంటే నల్లమల ట్రెక్‌కు పనికొస్తుందా? (కర్నూలు నుంచి పాలిటెక్నిక్ విద్యార్థి)

జవాబు: వద్దు. పట్టలు, తాళ్లు, సంచుల మీద ఎంత సొంత తెలివి వాడినా నేను మీ వైపే. లిథియం దగ్గర మాత్రం ప్రయోగాలు వద్దు. మీ దగ్గరున్నవి బహుశా 18650 సెల్స్ (18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు). ల్యాప్‌టాప్ లోపల ఉన్నంతకాలం ఒక సర్క్యూట్ వాటిని కనిపెట్టుకుని ఉండేది. 4.2 వోల్టులు దాటకుండా, మరీ ఖాళీ కాకుండా చూసేది. మీరు విప్పగానే ఆ కాపలా పోయింది. పైగా ఆరింటిలో కొన్ని ఎక్కువ అరిగి ఉంటాయి. వేర్వేరు వోల్టేజీల్లో ఉన్నవాటిని పక్కపక్కన కలిపితే ఎక్కువ ఉన్నది తక్కువ ఉన్నదాంట్లోకి ఒక్కసారిగా కరెంటు తోస్తుంది. ఇంకో సంగతి, సెల్ ఒళ్లంతా నెగెటివే, పైన బొడిపె ఒక్కటే పాజిటివ్. ఆ అంచు దగ్గర పల్చటి ప్లాస్టిక్ తొడుగు చిరిగితే షార్టే. ఇది బట్టల మధ్య, మీ వీపుకు ఆనుకుని జరుగుతుంది. ఆ సెల్స్‌ను ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.

బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కొనుక్కోండి. లోపలి సెల్ 3.7 వోల్టులది కాబట్టి అది 37 వాట్ అవర్లు. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌కు సుమారు 19 కావాలి. మధ్యలో వేడి రూపంలో పోయేది తీసేస్తే ఒకటిన్నర సార్లు నిండుతుంది. ఒక రాత్రికి ఎక్కువే. అన్నట్టు నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి.

సందేహం: సంచి వెనక తగిలించుకునే సోలార్ ప్యానెల్ కొనొచ్చా? మా ఊళ్లో ఎండకు కొదవ లేదు. (తాడిపత్రి)

జవాబు: ఎండ ఉంది, కానీ మీ వీపు ఎప్పుడూ సూర్యుడి వైపే ఉండదు కదా. దానికితోడు లిథియం బ్యాటరీని 45 డిగ్రీల వేడి దాటాక ఛార్జ్ చేయకూడదు. మన ఎండలో ఫోన్ ఆ వేడికి చిటికెలో చేరుకుంటుంది. వారం పది రోజులు కొండల్లో తిరిగేవాళ్లకు సరే. అప్పుడు కూడా ప్యానెల్ ఎండలో, పవర్ బ్యాంక్ నీడలో ఉండాలి.

సందేహం: కొండల్లో సిగ్నల్ పోతే ఫోన్‌లో మ్యాప్ పనిచేస్తుందా? (ప్రొద్దుటూరు)

జవాబు: జీపీఎస్‌కు సిమ్ అక్కర్లేదు. సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాల సంకేతాలను ఫోన్ నేరుగా అందుకుంటుంది. మీ దగ్గర లేకుండా పోయేది మ్యాప్ బొమ్మే. దాన్ని ఇంట్లో వైఫై ఉండగానే దించుకోవాలి. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో కారు దారి చూపిస్తుంది గానీ నడక దారి చూపించదు. అందుకే ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఆస్మ్‌యాండ్ గానీ వేసుకోండి. బయల్దేరిన చోటు నుంచి ట్రాక్ రికార్డింగ్ ఆన్ చేస్తే, అదే గీత పట్టుకుని వెనక్కి రావొచ్చు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, సిగ్నల్ కోసం వెతికి వెతికి ఛార్జింగ్ తినేయకుండా ఉంటుంది. బెలుం గుహల్లోకి వెళ్లి జీపీఎస్ రావట్లేదని మాత్రం మెయిల్ పెట్టకండి. అంత రాయిని దాటి ఆ సంకేతం రాదు.

సందేహం: మా ఆయన ఏడాదికి ఒక్కసారి ట్రెక్‌కు వెళ్తారు. ఇంట్లో మాత్రం నాలుగు టార్చిలు, మూడు సంచులు, లెక్కలేనన్ని తాళ్లు. షాపింగ్ యాప్‌ల నోటిఫికేషన్లు ఆపే మార్గం చెప్పండి. (కడప నుంచి ఒక గృహిణి)

జవాబు: ఆ యాప్ గుర్తు మీద కాసేపు నొక్కి పట్టి, యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, నోటిఫికేషన్లు ఆఫ్ చేయండి. కానీ అమ్మా, ఈ ఒక్క విషయంలో నేను ఆయన పక్షం. టీవీ ముందు కూర్చుని ముడులు వేసుకోవడం, సంచి విప్పి మళ్లీ సర్దుకోవడం ఈ సరదాలో సగం. మొదటి జవాబులో చెప్పిన షీటు ఆయన చేత రాయించండి. నాలుగో కాలమ్‌లో "లేదు" అని ఉన్నవి ఎవరికైనా ఇచ్చాకే కొత్తది కొనాలని షరతు పెట్టండి. ఒక టార్చి మీరు తీసుకుని, ఓ ఆదివారం సిద్ధవటం కోటకు తీసుకెళ్లమనండి.

గట్టిగా చెప్పాల్సింది ఇంకోటుంది. నెలల తరబడి వాడని టార్చిల్లోంచి పెన్సిల్ సెల్స్ తీసి పెట్టమనండి. అవి కారితే లోపలి స్ప్రింగులు పాడవుతాయి. పవర్ బ్యాంక్‌లు సగం ఛార్జింగ్‌తో, వంటింటి వేడికి దూరంగా ఉండాలి.