కొత్త కెమెరాకు ట్రైపాడ్, బ్యాగు: 5,000 రూపాయల్లో ఏది కొనాలి?

ప్రశ్న: నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కానన్ 1500డీ కెమెరాను 18-55, 55-250 లెన్సులతో సహా కొన్నాను. ట్రైపాడ్‌కూ బ్యాగుకూ కలిపి 5,000 రూపాయలకు మించి పెట్టలేను. దుకాణంలో 1,200 రూపాయలకే ఆరడుగుల ఎత్తు లేచే ట్రైపాడ్ చూపించారు, 5 కిలోల బరువు మోస్తుందని దాని పెట్టె మీద రాసి ఉంది. లక్నవరం, పాకాల, భద్రకాళి చెరువు వంటి చోట్ల తెల్లవారుజామున, సాయంత్రం వేళ ఫొటోలు తీయాలని నా కోరిక. బస్సులోనో, స్నేహితుడి బండి వెనుక కూర్చునో వెళ్తుంటాను. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ దగ్గరున్న 5,000లో 3,500 వరకు ట్రైపాడ్‌కు పెట్టి, మిగిలిన 1,500లో బ్యాగు చూసుకోండి. కొత్తగా కెమెరా కొన్నవారిలో ఎక్కువమంది ముందుగా అందమైన బ్యాగు కొని, మిగిలిన సొమ్ముకు ఏ ట్రైపాడ్ వస్తే దాన్ని తెచ్చుకుంటారు. బ్యాగులో ఏదైనా లోపం ఉంటే ఇంట్లో దొరికే వస్తువులతో సరిచేసుకోవచ్చు గాని, వణికే ట్రైపాడ్‌ను సరిచేసే ఉపాయం లేదు. దాన్ని ఒకటి రెండుసార్లు వాడి అటక మీద పెట్టి, మళ్లీ డబ్బు పోసి మరొకటి కొనవలసి వస్తుంది.

మీకు చూపించిన ట్రైపాడ్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఆరడుగుల ఎత్తు అన్నది సాధారణంగా కాళ్లన్నీ చివరి వరకు లాగి, మధ్యలో ఉండే కడ్డీని కూడా పూర్తిగా పైకెత్తినప్పటి లెక్క. మధ్య కడ్డీ పైకి లేచిన కొద్దీ మూడు కాళ్ల మీద ఆనవలసిన కెమెరా ఒంటి కడ్డీ కొసన నిలబడుతుంది కాబట్టి, చిన్న గాలికే ఊగుతుంది. అందువల్ల కడ్డీ ఎత్తకుండా ఎంత ఎత్తు వస్తుందో అడగండి. 135 నుంచి 140 సెంటీమీటర్లు వస్తే, దానిపైన హెడ్ (కెమెరాను పట్టి అటూ ఇటూ తిప్పే పై భాగం), కెమెరా కూర్చున్నాక, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ సగటు మనిషి కంటి ఎత్తుకు దగ్గరగా చేరుతుంది. కాస్త వంగి చూడవలసి వచ్చినా నష్టం లేదు.

ఇక 5 కిలోల మాట. ఈ లెక్క కట్టడానికి తయారీదారులందరూ పాటించే ఒకే కొలమానం లేదు. ఆ అంకె ఎంత బరువు పెడితే ట్రైపాడ్ విరగదో చెప్పగలదేమో గాని, ఎంత బరువు పెడితే వణకదో చెప్పదు. మీ కెమెరా బాడీ బ్యాటరీతో కలిపి 475 గ్రాములు, 55-250 లెన్సు 400 గ్రాముల లోపు. రెండూ కలిపినా కిలో దాటదు. బరువు పరంగా చూస్తే ఏ ట్రైపాడైనా మోస్తుందనిపిస్తుంది. అసలు చిక్కు ఆ పొడవాటి లెన్సుతో వస్తుంది. మీ కెమెరాలో బొమ్మను పట్టే సెన్సారు చిన్నది కావడం వల్ల 250 మిల్లీమీటర్ల దగ్గర కనిపించే దృశ్యం, పెద్ద సెన్సారున్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 400 మిల్లీమీటర్ల లెన్సు చూపే దృశ్యానికి సమానం. దూరంలోని కొంగను ఎంత దగ్గరకు లాగుతారో, కెమెరా కదలికను కూడా అంతే పెద్దది చేసి చూపిస్తుంది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ (వెలుతురును లోపలికి వదిలే తలుపు) వేగం సెకనులో 400వ వంతు ఉంటే గాని నమ్మకంగా తీయలేమంటారు; తెల్లవారుజామున పాకాల ఒడ్డున అంత వేగానికి సరిపడా వెలుతురు ఉండదు. ట్రైపాడ్ అవసరం సరిగ్గా అప్పుడే వస్తుంది, సన్నటి కాళ్లున్నది సరిగ్గా అప్పుడే చేతులెత్తేస్తుంది.

కాబట్టి కొనేటప్పుడు చూడవలసింది కాళ్ల మందం, కీళ్ల బిగువు. అల్యూమినియం కాళ్లున్నది చాలు; కార్బన్ ఫైబర్ తేలిక, దృఢం, కాని మీ సొమ్ముకు అందదు, దాని కోసం చింతించనవసరం లేదు. ఒక్కో కాలు మూడు లేక నాలుగు ముక్కలుగా తెరుచుకునేది మంచిది. ఐదు ముక్కలుగా మడిచేది సంచిలో పొందికగా ఇమిడినా, అట్టడుగు ముక్క వేలంత సన్నగా మిగులుతుంది. మీరు బస్సు ప్రయాణం చేస్తారు కాబట్టి మడిచినప్పుడు 45 నుంచి 50 సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర కిలోల అటూ ఇటూ బరువు ఉన్న నాలుగు ముక్కల ట్రైపాడ్ మీకు సరిపోతుంది. కిలో కంటే తక్కువ బరువున్న చవక ట్రైపాడ్ చూసి తేలికగా ఉందని మురిసిపోవద్దు. ఈ ధరలో ఆ తేలికదనం లోహాన్ని తగ్గించడం వల్లనే వస్తుంది. కాళ్లను మధ్య కడ్డీకి అడ్డ కమ్మీలతో కలిపిన రకం కూడా వద్దు. అది సమతలమైన గచ్చు మీద తప్ప నిలవదు, గుట్ట రాళ్ల మీద ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టే వీలుండదు.

అందరూ ఏమరిపాటుగా వదిలేసే భాగం ఒకటుంది: కెమెరా అడుగున బిగించే ప్లేటు. కెమెరా అడుగున ఉండే మర దాదాపు అన్ని కంపెనీలకూ పావు అంగుళమే కాబట్టి ఏ ప్లేటైనా కెమెరాకు పడుతుంది. కాని ఆ ప్లేటు హెడ్‌లో కూర్చునే తీరు ట్రైపాడ్‌కు ఒక రకంగా ఉంటుంది. చవక ట్రైపాడ్లలో ఆ మోడల్‌కు మాత్రమే పట్టే ప్లాస్టిక్ ప్లేటు ఇస్తారు. అది పోయినా, చెవి విరిగినా విడిగా దొరకదు, ట్రైపాడ్ మొత్తం మూల పడుతుంది. ఆర్కా స్విస్ పద్ధతిలో 38 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న లోహపు ప్లేటు పట్టే హెడ్ అడగండి. అటువంటి ప్లేట్లను చాలా కంపెనీలు తయారు చేస్తాయి, రేపు ట్రైపాడ్ మార్చినా అవే పనికొస్తాయి. నిశ్చల చిత్రాలకు, గుండు మీద అన్ని వైపులకూ వంగే బాల్ హెడ్ త్వరగా తిరుగుతుంది, సంచిలో తక్కువ చోటు తీసుకుంటుంది. వీడియోలో అటు నుంచి ఇటు మెల్లగా తిప్పడమే మీ ప్రధాన అవసరమైతే పొడవాటి పిడి ఉన్న పాన్ హెడ్ తీసుకోవాలి. మీ ఉత్తరంలో వీడియో మాట లేదు కాబట్టి బాల్ హెడ్ చాలు.

ఆన్‌లైన్‌లో 200 రూపాయలు తగ్గినా, వీలుంటే దుకాణానికి వెళ్లి మీ కెమెరాను ఎక్కించి చూసి కొనండి. కాళ్లు పూర్తిగా లాగి బిగించి, పై భాగాన్ని అరచేత్తో గట్టిగా కిందికి నొక్కండి. ఏ కాలైనా జారితే పక్కన పెట్టేయండి. తర్వాత 55-250 లెన్సు తొడిగి 250 దగ్గర పెట్టి, లైవ్ వ్యూలో (కెమెరా వెనుక తెర మీద చూసే పద్ధతిలో) బొమ్మను పది రెట్లు పెద్దది చేసి, వీధి అవతలి బోర్డు మీద అక్షరం కనిపించేలా ఉంచి, ఒక కాలిని వేలితో మీటండి. అక్షరం ఎంతసేపు కదులుతుందో గమనించండి. రెండు మూడు ట్రైపాడ్ల మీద ఇదే పరీక్ష చేస్తే, ఏది మంచిదో నేను చెప్పనవసరం లేకుండానే తెలిసిపోతుంది. చివరగా బాల్ హెడ్ బిగించి చెయ్యి తీసినప్పుడు బొమ్మ కిందికి జారుతోందా చూడండి. కొద్దిగా జారడం మామూలే, చాలా జారితే వద్దు.

లక్నవరం పేరు రాశారు కాబట్టి ఒక హెచ్చరిక. అక్కడి వేలాడే వంతెన మీద ట్రైపాడ్ పెట్టి నిదానంగా తీయాలని చూడకండి. మనుషులు నడిచినప్పుడల్లా వంతెనే ఊగుతుంది, దానితో పాటు ట్రైపాడూ ఊగుతుంది. ఒడ్డు మీద నిలబడి వంతెనను ఫ్రేములోకి తీసుకుంటే మంచి చిత్రం వస్తుంది. ఎక్కడ పెట్టినా మూడు కాళ్లలో ఒకటి లెన్సు చూసే దిక్కుకు ఉండాలి, అప్పుడు ముందు బరువుకు ట్రైపాడ్ ఒరగదు. గాలి ఎక్కువగా ఉంటే మధ్య కడ్డీ కింది కొక్కేనికి మీ బ్యాగు తగిలించి, అది ఊగకుండా నేలకు తాకీ తాకనట్టు ఉంచండి. షట్టర్‌ను వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ వాడండి, లైవ్ వ్యూలో తీస్తే లోపలి అద్దం లేచే కుదుపు కూడా ఉండదు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు, లెన్సు మీద చేతి వణుకును సరిచేసే ఐఎస్ మీటను ఆపేయడం మరవద్దు.

బ్యాగు విషయానికి వస్తే, మీ కాలేజీ బ్యాగు జిప్పులు గట్టిగా ఉంటే కొత్తది అవసరమే లేదు. ఫోమ్ అరలున్న కెమెరా ఇన్సర్టును విడిగా అమ్ముతారు, దాన్ని మీ బ్యాగులో దించితే సరిపోతుంది. దీనిలో మరో మేలు ఉంది: కిక్కిరిసిన బస్టాండులో అది కెమెరా సంచి అని ఎవరికీ తెలియదు. కొత్తది కొనదలచుకుంటే, ఒక భుజానికి తగిలించే సంచి కాకుండా రెండు భుజాలకూ పట్టీలున్న బ్యాగు తీసుకోండి. బండి వెనుక కూర్చున్నప్పుడు ఒంటి భుజం సంచి పక్కకు జారి తగులుతుంటుంది. అడుగున ఫోమ్ మందంగా ఉందో లేదో చేత్తో ఒత్తి చూడండి, ఎందుకంటే బ్యాగును నేల మీద పెట్టిన ప్రతిసారీ దెబ్బ తగిలేది అక్కడే. పక్కన ట్రైపాడ్ నిలిపే జేబు, పైన బిగించే పట్టీ, ముసురుకు రెయిన్ కవర్ ఉండాలి. కెమెరాను లెన్సుతో సహా తీసుకెళ్లి బ్యాగులో పెట్టి, జిప్ వేసి చూసిన తర్వాతనే డబ్బు ఇవ్వండి.

ప్రశ్న: రామప్ప గుడిలో శిల్పాలను ట్రైపాడ్ మీద తీయనిస్తారా? లోపల చాలా చీకటిగా ఉంటుంది. (ములుగు నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: ముందస్తు అనుమతి లేకుండా తీయనివ్వరు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడే కాదు, వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట కూడా ఆర్కియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా రక్షణలో ఉన్నవే. ఇటువంటి చోట్ల చేత్తో పట్టుకుని ఫొటో తీసుకోవచ్చు గాని, ట్రైపాడ్ నిలపాలంటే ఆ శాఖ అనుమతి ముందుగా తెచ్చుకోవాలి. గుమ్మం దగ్గర కావలివారితో వాదించి ప్రయోజనం లేదు, వారు నియమం పాటిస్తున్నారు. ఈ నియమం అవసరమైనదేనని నా అభిప్రాయం. 1213 నాటి గుడిలో, నున్నటి రాతి మీద లోహపు కాళ్లు ఈడ్వడం, ఇరుకు మండపంలో భక్తుల దారికి అడ్డం నిలవడం మంచిది కాదు. వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో తెలిపే ఐఎస్‌ఓ అంకెను 1600కో 3200కో పెంచి, లెన్సు ఐఎస్ వేసి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని మోచేతులు మోకాళ్లకు ఆనించి, ఊపిరి సగం వదిలి వరుసగా నాలుగైదు ఫొటోలు తీయండి. వాటిలో ఒకటైనా స్పష్టంగా వస్తుంది. ఆసరా కోసం స్తంభాలకు, శిల్పాలకు మాత్రం ఆనుకోకండి.

ప్రశ్న: సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర రాత్రి ట్రైపాడ్ పెట్టి తీశాను. గుట్ట, దీపాలు స్పష్టంగా వచ్చాయి, ఆడుతున్న మా అక్కాచెల్లెళ్లు మాత్రం అలుక్కుపోయారు. ట్రైపాడ్‌లో లోపమా? (హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: లోపం ట్రైపాడ్‌ది కాదమ్మా. ట్రైపాడ్ కెమెరా కదలకుండా ఆపుతుంది, ఎదుట తిరిగే మనుషులను ఆపలేదు. చప్పట్లు కొడుతూ వలయంగా తిరిగేవారిని నిలిపి చూపాలంటే సెకనులో 125వ వంతు వేగమైనా కావాలి, అంత వేగానికి ట్రైపాడ్ అక్కరలేదు. ఐఎస్‌ఓ పెంచి చేత్తోనే తీయండి. దీపాలు, బతుకమ్మలు నిశ్చలంగా ఉండి, చుట్టూ తిరిగే చీరల రంగులు గీతలుగా రావాలనుకుంటే మాత్రం అర సెకను పెట్టి ట్రైపాడ్ వాడండి, ఆ చిత్రానికి ఆ అందం వేరు. జనం నడిచే దారిలో కాకుండా, ఒక అంచున గోడకో చెట్టుకో దగ్గరగా నిలపండి. మేడారం జాతర వంటి రద్దీలోకి ట్రైపాడ్ అసలు తీసుకెళ్లవద్దు, ఒంటి కాలి మోనోపాడ్ చాలు.

ప్రశ్న: వానాకాలంలో బొగత జలపాతానికి వెళ్లివచ్చాక ట్రైపాడ్ కీళ్లు బిగుసుకుపోయాయి, లెన్సులో తెల్లటి దారాల వంటివి కనిపిస్తున్నాయి. ఏం చేయాలి? (మంచిర్యాల నుంచి)

జవాబు: కీళ్లలో ఇసుక చేరింది. కాళ్లను పూర్తిగా లాగి మంచినీటితో కడిగి, తెరిచి ఉంచి నీడన ఆరనివ్వండి. తడిగా ఉండగా మడవవద్దు. ఇకముందు నీటిలోనో బురదలోనో నిలిపేటప్పుడు అట్టడుగు ముక్కను ముందుగా పూర్తిగా లాగండి, అప్పుడు కీలు నీటికి పైన ఉంటుంది.

లెన్సులోని దారాలు ఫంగస్ కావచ్చు. మీరు విప్పవద్దు, మరమ్మతు చేసేవారికి వెంటనే చూపించండి, అప్పటి వరకు దాన్ని మిగతా లెన్సులతో ఒకే సంచిలో ఉంచవద్దు. ఫోమ్ అరలున్న కెమెరా బ్యాగు ప్రయాణానికి మంచిదే గాని, వానాకాలంలో ఇంట్లో నెలల తరబడి దాచడానికి పనికిరాదు, ఫోమ్ తేమను పట్టి ఉంచుతుంది. వంటింట్లో వాడే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి కెమెరాను అందులో ఉంచండి. నీలం రంగు గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ నిండినట్టు. వాటిని వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు, కాని ఆ రంగు రసాయనం మంచిది కాదు కాబట్టి వంట పాత్రలో మాత్రం వేడి చేయకండి, పిల్లలకు అందనివ్వకండి.