పర్లాకిమిడిలో 13 మంది, పలాసలో 8 మంది

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడిలో జీడిపిక్కల నుంచి పప్పు తీసే చిన్న కార్ఖానా నడుపుతున్నాము. ఇక్కడ నెల జీతం మీద 13 మంది, ఆంధ్రప్రదేశ్‌లోని పలాసలో మాదే అయిన ప్యాకింగు గదిలో 8 మంది పనిచేస్తున్నారు. వీరు గాక మా వీధిలోని అయిదుగురు ఆడవారు పప్పును ఇంటికి తీసుకుపోయి, పొట్టు తీసి, కిలోకు ఇంత అని కూలి తీసుకుంటారు. ఏ ఒక్కచోటా 20 మంది లేరు, రెండుచోట్లకూ జీఎస్‌టీ నంబర్లు వేరు, కాబట్టి పీఎఫ్ (భవిష్యనిధి) అక్కరలేదని మా గుమాస్తా అంటున్నాడు. ఇది సరైనదేనా? కట్టవలసి వస్తే భారం ఎంత?

జవాబు: సరైనది కాదు. జీఎస్‌టీ నంబరును రాష్ట్రానికొకటి చొప్పున తీసుకోవడం పన్ను చట్టం పెట్టిన నియమమే తప్ప, దానివల్ల మీ వ్యాపారం రెండు ముక్కలు కాదు. ఒకే యజమాని కింద, ఒకే పెట్టుబడితో, ఒకచోట తీసిన పప్పును మరొకచోట సంచులకెత్తే పని సాగుతున్నప్పుడు శాఖలన్నిటినీ కలిపి ఒకే సంస్థగా లెక్కించాలన్నది పీఎఫ్ చట్టంలో 1960 నుంచీ ఉన్న పద్ధతి. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉన్నంత మాత్రాన ఆ లెక్క మారదు. 13కు 8 కలిపితే 21. అంటే ఇంటి దగ్గర పనిచేసేవారిని చేర్చకముందే మీరు 20 దాటారు.

ఆ అయిదుగురి సంగతి కూడా తేలికగా తీసుకోవలసినది కాదు. ఆకు, పొగాకు తీసుకుపోయి ఇంటివద్ద బీడీలు చుట్టేవారు సైతం పీఎఫ్ చట్టం దృష్టిలో ఉద్యోగులేనని సుప్రీంకోర్టు 1985లో తీర్పు చెప్పింది. సరుకు మీది, పని ఎలా ఉండాలో చెప్పేది మీరు, పొట్టు సరిగా పోని పప్పును తిప్పి పంపే అధికారమూ మీదే అయినప్పుడు, కూలిని కిలో లెక్కన ఇస్తున్నాము గనుక వారు మా మనుషులు కారన్న వాదన నిలవడం కష్టం. కొందరు యజమానులు భార్య పేర రెండో సంస్థ పెట్టి మనుషులను అటూ ఇటూ పంచుతుంటారు. డబ్బు, యంత్రాలు, అజమాయిషీ ఒకరివే అయినప్పుడు విచారణకు వచ్చినవారు చూసేది బోర్డు మీది పేరును కాదు. ఒకసారి పీఎఫ్ పరిధిలోకి వచ్చాక ఆ తరువాత సంఖ్య 20 కన్న తగ్గినా కట్టవలసిందేనని గుర్తుంచుకోండి.

ఇక భారం. ఒకరి వేతనం 14,000 రూపాయలు అనుకుందాము. అతని వాటా 12 శాతం, అంటే 1,680. మీ వాటా కూడా అంతే. అందులో 1,166 పింఛను ఖాతాకు, 514 భవిష్యనిధికి చేరుతాయి. బీమాకు అర శాతం, నిర్వహణ ఖర్చుకు అర శాతం చొప్పున మరో 140 మీరే భరించాలి. మొత్తం మీ చేతి నుంచి 1,820. మీ 21 మందికీ ఇదే వేతనమైతే నెలకు 38,220 అవుతుంది. మీ వాటాను జీతంలోనుంచి మినహాయించడానికి వీలులేదు. కార్మికుడి దగ్గర కోసి ఉంచిన సొమ్మును జమచేయకపోవడం ఆలస్యం కింద కాక, నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు వరకూ వెళ్లగలదు. చలానుకు గడువు మరుసటి నెల 15వ తేదీ. మూల వేతనాన్ని సగం కన్న తక్కువ చూపించి మిగిలినది భత్యాల కింద రాసుకునే పాత ఉపాయానికి, 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) దాదాపుగా తలుపు మూశాయి. భత్యాలు మొత్తంలో సగాన్ని మించితే, మించిన భాగాన్ని వేతనంలోనే కలిపి లెక్కిస్తారు.

రాష్ట్రాన్ని బట్టి మారేవి వేరే ఉన్నాయి. కనీస వేతనం అందులో ముఖ్యమైనది. పర్లాకిమిడిలో పనిచేసేవారికి ఒడిశా ప్రకటించిన రేటు, పలాసలో ఉన్నవారికి ఆంధ్రప్రదేశ్ రేటు వర్తిస్తాయి. మీ మనుషులు పాతపట్నం నుంచి రోజూ మహేంద్రతనయ నది దాటి వచ్చిపోతున్నా, చూడవలసింది వారి ఇంటి చిరునామాను కాదు, పని జరిగే చోటును. కరవుభత్యం మారినప్పుడల్లా రెండు రాష్ట్రాల ప్రకటనలనూ విడివిడిగా చూసుకోండి. ఒకే జీతాల పట్టీ వేసి రెండుచోట్లకూ పంపే అలవాటు వల్లనే పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి.

మీరు అడగలేదు గాని, పని మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మాట కూడా చెప్పాలి. పది మంది గాని అంతకన్న ఎక్కువ గాని ఉన్న సంస్థలో అయిదేళ్లు పనిచేసినవారికి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలకు 26 దినాలుగా లెక్కకట్టి ఇవ్వాలి. 14,000 మీద అది ఏడాదికి సుమారు 8,077 రూపాయలు. ఏ నెలా కనిపించని బాకీ కనుక, పదేళ్ల మనిషి మానేసిన రోజునే చాలామందికి గుర్తుకొస్తుంది.

ప్రశ్న: బరంపురంలో మాకు బట్టల దుకాణం ఉంది. ఇచ్ఛాపురం నుంచి వచ్చే సేల్స్‌మన్‌కు నెలకు 14,000 ఇస్తూ వృత్తి పన్ను కింద 125 పట్టుకుంటున్నాము. తన ఊళ్లో ఇంతే జీతమున్న తమ్ముడికి ఏమీ కోయడం లేదని అతడు తగవు పెడుతున్నాడు. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కూడా దండగ అంటున్నాడు.

జవాబు: అన్నదమ్ములిద్దరి లెక్కా సరైనదే. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 15,000 వరకు వృత్తి పన్ను లేదు. ఒడిశాలో ఏడాదికి 1,60,000 దాటితే మొదలవుతుంది. మీ మనిషి జీతం ఏడాదికి 1,68,000. 3,00,000 వరకు నెలకు 125 చొప్పున కట్టాలి. అతడు పనిచేస్తున్నది ఒడిశాలో గనుక మీరు చేసినది న్యాయమే.

ఈఎస్‌ఐకి అతని వాటా 105 రూపాయలు, మీ వాటా 455. ఆసుపత్రి దూరమన్న అతని ఫిర్యాదులో నిజం ఉండవచ్చు, కాని ఈఎస్‌ఐ అంటే మందుల చీటీ ఒక్కటే కాదని చెప్పండి. జబ్బుపడి పనికి రాలేకపోతే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం, పనిలో గాయపడి కొంతకాలం మంచంపడితే 90 శాతం, ప్రసవానికి 26 వారాల పూర్తి వేతనం వస్తాయి. ఈఎస్‌ఐ లేని చోట పని గాయాల పరిహారమంతా యజమాని నెత్తిన పడుతుంది. జీడి రసానికి చేతులు కాలే పనిలో ఉన్న పర్లాకిమిడి పాఠకుడు ఈ మాట ప్రత్యేకంగా గమనించాలి.

ప్రశ్న: పీఎఫ్ వద్దు, ఆ డబ్బు చేతికే ఇవ్వండి, కావాలంటే కాగితం రాసిస్తానని మా వంటమనిషి అంటున్నాడు. పండుగకు తీసుకున్న అడ్వాన్సు కూడా తీర్చలేదు. (రాయగడ)

జవాబు: మీరు పీఎఫ్ పరిధిలో ఉండి, అతని వేతనం 15,000 లోపు అయితే ఆ కాగితానికి విలువ లేదు. 15,000 మించిన జీతంతో చేరి, అంతకుముందు ఎన్నడూ సభ్యుడు కానివారికి మాత్రమే దూరంగా ఉండే వెసులుబాటు ఉంది. అడ్వాన్సును విడతలుగా పట్టుకోవచ్చు, కాని అన్ని కోతలూ కలిసి ఆ నెల వేతనంలో సగం దాటకూడదు. అతడు మానేస్తే రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి.

ప్రశ్న: జీతం చీటీ ఒడియాలో ఇవ్వాలా, తెలుగులో ఇవ్వాలా? (పర్లాకిమిడి)

జవాబు: పుచ్చుకునేవారు చదవగలిగిన భాషలో ఇవ్వండి, ఇద్దరు రెండు రకాలవారుంటే రెండు భాషల్లో ముద్రించండి. జనానికి అర్థమయ్యే భాషలో రాయాలని గిడుగు రామమూర్తి పట్టుబట్టిన ఊరే కదా మీది. పని దినాలు, వేతనం, ఒక్కో కోత పేరు, దాని మొత్తం, చేతికి వచ్చేది విడివిడిగా కనబడాలి. నెల ముగిసిన ఏడు రోజుల్లోగా జీతంతో పాటు అది వారి చేతికి అందాలి.