టాక్‌బ్యాక్ ఉద్యోగానికి ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ డిప్లొమా పూర్తిచేశాడు. ఒక టీవీ ఛానెల్ నుంచి టెక్నికల్ అసిస్టెంట్ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. నెట్‌వర్క్ ఇంటర్‌కమ్ బెల్ట్‌ప్యాక్‌ను సెట్ చేసి చూపించమంటారట. పది రోజుల్లో ఎలా సిద్ధమవ్వాలి?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: స్టూడియోలో టాక్‌బ్యాక్ అనేది దీన్నేనండీ. పీసీఆర్‌లో (ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్‌లో) కూర్చున్న డైరెక్టర్ ‘కెమెరా టూ, రెడీ’ అంటే, ఆ మాట కెమెరామన్ చెవిలో పడేది నడుముకు తగిలించుకున్న ఈ చిన్న పెట్టె ద్వారానే. అందరూ ఒకే లైన్‌పై మాట్లాడుకునే పాత పార్టీలైన్‌లో మూడు పిన్నుల మైక్ కేబుల్ ఒక్కటీ తగిలిస్తే కరెంటూ మాటా రెండూ వచ్చేవి. ఇప్పుడు చాలాచోట్ల ఆ పని ఈథర్నెట్ మీద, నెట్‌వర్క్ కేబుల్ మీద ఆడియో పంపే డాంటే వంటి ప్రోటోకాల్‌తో నడుస్తోంది. అందుకే మీ అబ్బాయికి ఆడియోతో సమానంగా నెట్‌వర్కింగ్ కూడా రావాలి.

ముందు కరెంటు చూడాలి. ఇలాంటి బెల్ట్‌ప్యాక్‌లు సాధారణంగా పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటూ పంపే స్విచ్) నుంచే కరెంటు తీసుకుంటాయి. 802.3 ఏఎఫ్ ప్రమాణంలో ఒక పోర్టు 15.4 వాట్ల వరకు ఇస్తుంది. కానీ స్విచ్ మొత్తం బడ్జెట్ 60 వాట్లే అయితే, ఎనిమిది పోర్టులకూ అంత ఇవ్వలేదు. చివర తగిలించింది వెలగకపోతే పెట్టె పాడైందనుకునే ముందు ఈ లెక్క వేయాలి. కేబుల్ 100 మీటర్లు దాటకూడదు.

తర్వాత అడ్రస్. నెట్‌వర్క్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు తనే పంచే ఏర్పాటు) లేకపోతే పరికరం 169.254తో మొదలయ్యే అడ్రస్ తనే పెట్టుకుంటుంది. అన్నీ అలాగే ఉంటే ఇబ్బంది లేదు. ల్యాప్‌టాప్‌కు మాత్రం 192.168 అడ్రస్ ఫిక్స్ చేసి వదిలేస్తే రెండూ కలవవు. సాంపుల్ రేట్ (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) అన్నిటికీ 48 కిలోహెర్ట్జ్ ఉండాలి, ఒక్కటి 44.1లో ఉన్నా దానికి రూట్, అంటే ఆడియో వెళ్లే దారి, పడదు. మాట మధ్యలో టిక్ టిక్‌మని తెగుతుంటే గెయిన్ (మైక్ మాటను పెంచే స్థాయి) జోలికి పోవద్దు. స్విచ్‌లో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ ఆన్‌లో ఉందేమో చూడమనండి. అది పొదుపు కోసం పోర్టును నిద్రపుచ్చుతుంది, దాంతో పరికరాలన్నిటినీ ఒకే సమయంతో నడిపే క్లాక్ ప్యాకెట్ల సమయం తప్పుతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది రూటింగ్ దగ్గర. డాంటేలో ఒక రిసీవ్ ఛానెల్‌కు ఒకే ట్రాన్స్‌మిట్ ఛానెల్ కలుస్తుంది. ముగ్గురు కెమెరామన్ల మాటలు ఫ్లోర్ మేనేజర్ చెవిలో కలిసి వినపడాలని డాంటే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లోని గ్రిడ్‌లో (ఎవరి మాట ఎవరికి వెళ్లాలో చూపే పట్టికలో) వరసగా టిక్కులు పెడితే, రెండోది పెట్టగానే మొదటిది ఊడిపోతుంది. ఆ మాటల్ని కలపడానికి మధ్యలో మాటల్ని కలిపి పంచే పరికరం, ఇంటర్‌కమ్ ఇంజినో మ్యాట్రిక్సో ఉండాలి. అది ఎవరి గొంతు వాళ్లకు పంపకుండా, మిగతావన్నీ కలిపి పంపుతుంది, దీన్నే మిక్స్ మైనస్ అంటారు. అది తప్పుగా పెడితే సొంత మాటే కాస్త ఆలస్యంగా చెవిలో మోగుతుంది, నాలుక తిరగదు. సైడ్‌టోన్ వేరు. మన గొంతు మనకు సన్నగా వినపడేలా బెల్ట్‌ప్యాక్ లోపలే కలిపేది అది.

హెడ్‌సెట్ విషయానికొస్తే, నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్‌ (గుండ్రటి ఆడియో కనెక్టర్)లో సాధారణంగా 1 మైక్ గ్రౌండ్, 2 మైక్, 3 హెడ్‌ఫోన్ గ్రౌండ్, 4 హెడ్‌ఫోన్. మైక్ డైనమిక్కా (కరెంటు అక్కర్లేనిది), ఎలక్ట్రెట్టా (చిన్న వోల్టేజీ కావాల్సినది) అన్నది సెట్టింగ్‌లో సరిగ్గా ఎంచుకోవాలి. ఎలక్ట్రెట్‌కు ఆ వోల్టేజీ (బయస్) అందకపోతే మాట రాదు. గెయిన్ మామూలు గొంతుతో మాట్లాడిస్తూ పెట్టాలి గానీ ‘హలో హలో’ అని కేకలు వేయిస్తూ కాదు.

టాక్ బటన్‌ను అందరికీ ఒకేలా పెట్టేయకూడదు. రెండు చేతులూ పనిలో ఉండే కెమెరామన్‌కు ఒకసారి నొక్కితే ఆన్‌లోనే ఉండిపోయే లాచ్ కావాలి, ఫ్లోర్ మేనేజర్‌కు నొక్కినంతసేపే పలికే మొమెంటరీ చాలు. అందరికీ లాచ్ పెడితే ఎవరో ఒకరు ఆఫ్ చేయడం మరిచిపోతారు, వాళ్ల ఊపిరి చప్పుడు లైన్ మొత్తానికీ వినపడుతుంది.

పది రోజుల్లో మొదటి మూడు రోజులు ఆడినేట్ సంస్థ ఉచితంగా ఇచ్చే డాంటే సర్టిఫికేషన్ ఒకటి, రెండు లెవెల్స్‌కు కేటాయించమనండి. ఆన్‌లైన్‌లోనే పరీక్ష రాయొచ్చు. డాంటే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. మిగతా రోజుల్లో నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్లు రెండు కొని, రోజూ సోల్డర్ చేసి, మల్టీమీటర్‌తో పిన్ను పిన్నూ చూసుకోవాలి.

ఇంటర్వ్యూలో బెల్ట్‌ప్యాక్ చేతికిచ్చాక కరెంటు, అడ్రస్, క్లాక్, రూట్, హెడ్‌సెట్, బటన్లు... ఈ వరసలోనే పైకి చెబుతూ చేయాలి. ఆఖర్న హెడ్‌సెట్ పెట్టుకుని ‘కంట్రోల్, వినపడుతోందా?’ అని అడిగి, అవతలి జవాబు చెవిన పడేదాకా ఆగాలి. అవతలివారి మాట వినపడి, మీ వాడి మాట అటు చేరకపోతే, ట్రాన్స్‌మిట్ రూట్ పెట్టడం మరిచాడేమో ముందు చూడాలి. రెండు దిశలకూ రూట్ విడివిడిగా పెట్టాలి.