మాటకు పూచీ ఎవరిది?

ప్రశ్న: మా కార్యాలయంలో ఒకావిడ, తోటి ఉద్యోగి గురించి "ఆయన మానేస్తున్నారట" అని నలుగురితో అన్నారు. అది నిజం కాదని తేలాక నిలదీస్తే, "మానేస్తున్నారని నేనెక్కడన్నాను? మానేస్తున్నారట అన్నాను" అంటున్నారు. ఆవిడ అబద్ధమాడినట్టా, కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆవిడ వ్యాకరణం బాగా తెలిసిన మనిషిలా ఉన్నారు. "వాన పడుతోంది" అన్నవారు ఆ వానకు తామే పూచీ పడతారు. "వాన పడుతోందట" అన్నవారు ఆ పూచీని చెప్పినవారి మీదికి నెట్టి, తాము విన్నామన్నంత మేరకే బాధ్యత ఉంచుకుంటారు. ఈ సంగతి ఎలా తెలిసిందో ప్రతి వాక్యంలోనూ క్రియలోనే తెలిపి తీరవలసిన భాషలు కూడా ఉన్నాయి. కొలంబియా, బ్రెజిల్ దేశాలలో కొద్దిమంది మాట్లాడే తుయూకా భాషలో, కళ్ళారా చూశామా, చప్పుడు వంటిదేదో తెలిసిందా, ఆనవాళ్ళను బట్టి గ్రహించామా, ఒకరు చెబితే విన్నామా, సహజంగా అలాగే ఉంటుందని అనుకుంటున్నామా అన్న అయిదు తేడాలను క్రియకు చేరే ప్రత్యయాలే చూపుతాయి. తెలుగులో అంతటి నిర్బంధం లేదు. "అట" చేర్చడం, మానడం మన చేతిలో ఉన్న పని కనుకనే, చేర్చినవారు తెలిసి చేర్చారని వినేవారు అనుకుంటారు.

ఈ చిన్న మాట బలమెంతో తెలియాలంటే దానిని "నేను"తో కలిపి చూడాలి. "నేను నిద్రలో మాట్లాడానట" అంటే, నాకు తెలియదు, పక్కనున్నవారు చెప్పారు అని అర్థం. "నేను డబ్బు దాచేశానట!" అన్నప్పుడు మాత్రం తెలియకపోవడమనే ప్రసక్తే లేదు, ఆ నిందను ఎత్తి చూపి వెక్కిరించడం, తోసిపుచ్చడం రెండూ ఆ "అట"లోనే జరిగిపోతాయి.

అయితే "అట" ఒక పూచీని వదిలించుకుంటూ మరొక పూచీని తలకెత్తుకుంటుంది: ఈ మాట ఎవరో నాతో అన్నారు అని. నిజంగా ఎవరైనా అని ఉంటే, ఆవిడ చేసినది పుకారు మోయడమే. అది తప్పే గాని అబద్ధమాడటమనిపించుకోదు. ఎవరూ అనకుండా తానే పుట్టించి "అట" తగిలించి ఉంటే, ఆ రెండక్షరాలే అబద్ధం. కాబట్టి ఆవిడను "ఎందుకన్నారు?" అని అడిగి లాభం లేదు, "మీతో ఎవరన్నారు?" అని అడగండి.

ప్రశ్న: నిజమని నమ్మి చెప్పిన విషయం తప్పని తేలింది. అందరూ "నువ్వు చెప్పింది అబద్ధం" అంటున్నారు. ఈ మాట న్యాయమేనా?

జవాబు: తెలుగులో న్యాయమే. "అబద్ధం" అన్న మాట మనకు రెండు పనులు చేస్తుంది. "ఆ వార్త అబద్ధం" అన్నప్పుడు జరిగినదానికి, చెప్పినదానికి పొంతన లేదని మాత్రమే భావం. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు. "అబద్ధమాడాడు" అనగానే ఉద్దేశం వచ్చి చేరుతుంది. "బొంకు" అనే మాటకైతే ఈ మెతకదనం ఎప్పుడూ లేదు. పొరపాటున బొంకినవారు ఉండరు. అందువల్ల మీరు మొదటి మాటను ఒప్పుకోండి, రెండవదానిని ఒప్పుకోకండి.

ఇంగ్లీషులో అబద్ధానికి వాడే మాట గురించి లిండా కోల్మన్, పాల్ కే అనే భాషావేత్తలు 1981లో ఒక పరిశోధన ప్రచురించారు. ఎనిమిది చిన్న కథలు 67 మందికి ఇచ్చి, ఒక్కొక్క కథలోని పాత్ర అబద్ధమాడిందో లేదో తేల్చమన్నారు. మాట నిజానికి తప్పు కావడం, తప్పని చెప్పేవారికి తెలిసి ఉండడం, మోసగించాలనుకోవడం అన్న మూడింటిలో తీర్పును అన్నింటికన్నా ఎక్కువగా శాసించినది రెండవది. మాట నిజంగా తప్పా కాదా అన్నది చివరి స్థానంలో నిలిచింది.

ప్రశ్న: నేను చెప్పిన ప్రతి అక్షరం నిజం. అయినా మా అన్నయ్య నన్ను అబద్ధాలకోరు అంటున్నాడు. అక్షరాలా నిజమైన మాట అబద్ధం ఎలా అవుతుంది?

జవాబు: ఇదే చిక్కు అమెరికా సుప్రీంకోర్టుకు వచ్చింది. శామ్యూల్ బ్రాన్‌స్టన్ అనే సినీ నిర్మాతను ఒక దివాలా విచారణలో, మీకు స్విస్ బ్యాంకులలో ఖాతాలున్నాయా అని అడిగితే లేవన్నాడు. ఎప్పుడైనా ఉండేవా అని అడిగితే, జూరిక్‌లో కంపెనీకి సుమారు ఆరు నెలల పాటు ఒక ఖాతా ఉండేదన్నాడు. కంపెనీకి ఉన్న మాట నిజం. తన సొంత పేరన జెనీవాలో అంతకుముందు దాదాపు అయిదేళ్ళు ఖాతా నడిచిన మాటా నిజమే, దానిని మాత్రం ఎత్తలేదు. అబద్ధపు సాక్ష్యం కింద పడిన శిక్షను 1973లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టివేసింది: సాక్షి జవాబు దాటవేసినప్పుడు మళ్ళీ అడిగి రాబట్టుకోవడం న్యాయవాది పని అన్నది.

ఆ జవాబు విన్నవారికి "ఆయనకు సొంత ఖాతా ఉండేది కాదు" అని ఎందుకు తోచింది? తత్వవేత్త పాల్ గ్రైస్ 1967లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలలో దీనికి సమాధానం ఉంది. ఎదుటివారు అడిగినదానికే, కావలసినంత మేరకు చెబుతారన్న నమ్మకంతోనే మనం మాటలు వింటాము. చెప్పినదానికి, అడిగినదానికి మధ్య ఖాళీ కనబడితే, ఆ నమ్మకంతో దానిని మనమే పూరించుకుంటాము. బ్రాన్‌స్టన్ ఆ పూరింపును మనకు వదిలేశాడు. మోసమంతా మన బుర్రలో జరిగింది, అతని నోట ఒక్క అసత్యమూ రాలేదు. చాలామంది భాషావేత్తలు ఇటువంటిదాన్ని అబద్ధమనరు, తప్పుదారి పట్టించడం అంటారు. నా మట్టుకు ఆ తీర్పు కోర్టులో సబబే, ఎందుకంటే అక్కడ మళ్ళీ మళ్ళీ అడగడానికే ఒక మనిషిని నియమించుకుంటారు. మీ అన్నయ్య మిమ్మల్ని నమ్మి ఒక్కసారే అడిగి ఉంటాడు. ఆయన వాడిన మాట సరికాకపోవచ్చు, కోపం మాత్రం సరైనదే.

ప్రశ్న: "ఈ వాక్యం అబద్ధం" అన్న వాక్యం అబద్ధమా?

జవాబు: క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో యూబులిడీస్ అనే గ్రీకు తార్కికుడు ఇటువంటి చిక్కుముడి వేసినప్పటి నుంచి తర్కశాస్త్రజ్ఞులు దానితో కుస్తీ పడుతున్నారు. నిజమంటే అబద్ధమవుతుంది, అబద్ధమంటే నిజమవుతుంది. కానీ దానిని నమ్మించాలని ఎవరూ చూడటం లేదు కనుక, ఎవరూ బొంకినట్టు మాత్రం కాదు.