చారాణా కోడికి బారాణా మసాలా

ప్రశ్న: నా వయసు 29. ఐటీ ఉద్యోగం, కొండాపూర్‌లో అద్దెకు ఉంటున్నాం, నేనూ అమ్మా. చేతికి 78,000 వస్తే ఖర్చులు 50,000 దాకా అవుతాయి. మంచి ఎస్ప్రెస్సో (పాలు లేని చిక్కటి చిన్న కాఫీ) కోసం ప్రతి శని, ఆదివారాల్లో జూబ్లీహిల్స్, బంజారాహిల్స్‌లో సొంతంగా నడిపే చిన్న కేఫ్‌లకు వెళ్తుంటాను. ఎస్ప్రెస్సో 190, తర్వాత ఒక ఫ్లాట్ వైట్ (పాల కాఫీ) 280, క్రోసాంట్ (పొరల బ్రెడ్) 290, రానుపోను క్యాబ్ 420. కాఫీకి ఇంత తగలేస్తావా అని అమ్మ గొడవ. ఇంట్లోనే మెషిన్ పెట్టుకుందామని 65,000 పెట్టి నో-కాస్ట్ ఈఎంఐలో (వడ్డీ లేదని చెప్పే నెలవాయిదాల్లో) కొనబోతున్నాను. ఎఫ్‌డీలో 1,20,000 ఉంది. క్రెడిట్ కార్డు మీద 40,000 బాకీ, మినిమమ్ డ్యూ (నెలకు కట్టాల్సిన కనీస మొత్తం) కడుతున్నాను. మెషిన్ కొనొచ్చా?

జవాబు: అమ్మగారి కోపం న్యాయమే కానీ, తప్పు కాఫీది కాదు. మీరు రాసిన కేఫ్ ధరలకు 5 శాతం జీఎస్టీ కలిపి, క్యాబ్ ఉన్నదున్నట్టుగా తీసుకుని, నెలకు ఎనిమిది సార్లు వేసి చూశాను. మొత్తం 9,744. అందులో ఎస్ప్రెస్సో వాటా 1,596 మాత్రమే. క్యాబ్‌కే 3,360 పోతోంది. మిగతా 4,788 రెండో కప్పుకూ క్రోసాంట్‌కూ. మీరు వెతుక్కుంటూ వెళ్లేది మెనూలో దాదాపు అన్నిటికన్నా చవకైనదాని కోసం!

కాబట్టి వెతకడం మానొద్దు, ఆర్డర్ ఇచ్చే పద్ధతి మార్చండి. ముందు ఒక్క ఎస్ప్రెస్సో చెప్పి కౌంటర్ దగ్గరే నిలబడండి. బరిస్టా (కాఫీ చేసే మనిషి) పొడిని తూకం వేస్తున్నాడా, సమయం చూసుకుంటున్నాడా గమనించండి. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల దాకా కాఫీ, 25-30 సెకన్లలో, తేనెలా సన్నటి ధారగా దిగడం మామూలు లెక్క. పదీ పన్నెండు సెకన్లకే పాలిపోయిన రంగులో బొళబొళా కారిపోయిందంటే రుచి పుల్లగా, నీళ్లనీళ్లగా ఉండే అవకాశమే ఎక్కువ. అక్కడ రెండో కప్పు ఎందుకు? తాగేసి లేవండి. బాగుంటేనే కూర్చోండి. గింజల ప్యాకెట్ మీద రోస్ట్ తేదీ (గింజలు వేయించిన రోజు) ఎప్పటిదో అడగండి. చిక్కమగళూరుదో అరకుదో చెప్పడానికి మురిసిపోయేవాళ్లు తేదీ అడిగితే నీళ్లు నమిలితే, అదీ ఒక జవాబే. బిల్లులో సర్వీస్ ఛార్జ్ కనిపిస్తే తీసేయమనండి. అది తప్పనిసరి కాదని 2022 నుంచీ మార్గదర్శకాలున్నాయి. ఇక క్యాబ్ బదులు హైటెక్ సిటీ దాకా ఆటోలో వెళ్లి మెట్రో ఎక్కితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో దిగొచ్చు.

ఇప్పుడు అసలు బొక్క. కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 40,000కి 1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 252. వెరసి 1,652. అంటే నెలంతా తాగిన ఎస్ప్రెస్సోల కన్నా బ్యాంకుకు ఎక్కువ కడుతున్నారు. పైగా పాత బాకీ పూర్తిగా తీర్చకపోతే కొత్త ఖర్చుకు వడ్డీ లేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే మీటరు తిరుగుతుంది. మీ క్రోసాంట్ కూడా ఇప్పుడు వడ్డీకి తెచ్చుకున్నదే. ఏడాదికి 42 శాతం పడే అప్పు నెత్తిన పెట్టుకుని ఎఫ్‌డీని అలా కదపకుండా ఉంచడం నాకైతే అర్థం కాదు. ముందే తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, పడనివ్వండి. ఈ వారమే 40,000 తీసి కార్డు బాకీ మొత్తం తీర్చేయండి. కేఫ్ ఖర్చు కోసం నెలకు 5,000 వేరే ఖాతాలో వేసుకుని, యూపీఐతో అందులోంచే కట్టండి. అయిపోతే వచ్చే నెలే.

మెషిన్ దగ్గరికి వద్దాం. 65,000తో కథ అయిపోదు. ఎస్ప్రెస్సోకు తగినంత సన్నగా, ఒకే తీరుగా ఆడే గ్రైండర్ లేకపోతే ఎంత ఖరీదైన మెషిన్ అయినా దండగే. దానికో 20,000 వేసుకోండి, మొత్తం 85,000. 250 గ్రాముల ప్యాకెట్ 550 అనుకుంటే పద్నాలుగు కప్పుల లోపే వస్తాయి, కప్పుకు 40 రూపాయలు. కొత్త ప్యాకెట్ విప్పిన ప్రతిసారీ గ్రైండ్ కుదిరేదాకా రెండు మూడు షాట్లు (కప్పులు) సింకులోకి పోతాయి, అది లెక్కలో వేయలేదు. కేఫ్‌తో పోలిస్తే కప్పుకు 160 మిగిలినా, ఇప్పటిలా నెలకు ఎనిమిది కప్పులైతే పెట్టుబడి తిరిగి రావడానికి ఐదున్నరేళ్లు పడుతుంది. రోజూ ఒక కప్పు తాగితే ఏడాదిన్నరలో వస్తుంది నిజమే, కానీ మీకు ఇష్టం కొత్త కేఫ్ వెతకడం. మెషిన్ వచ్చాక శనివారం ఇంట్లో కూర్చుంటారని నేను నమ్మను. నో-కాస్ట్ అన్నారని మోసపోకండి. వడ్డీని డిస్కౌంట్ రూపంలో సర్దినా, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మామూలుగా మీ నెత్తినే పడతాయి. కొనాలని మరీ ఉంటే, అత్యవసర నిధి నిండాక బోనస్ డబ్బుతో పూర్తి నగదు పెట్టి కొనండి.

ఆ నిధి మీకు 3,00,000, అంటే ఆరు నెలల ఖర్చు. కార్డు తీర్చాక ఎఫ్‌డీలో 80,000 మిగులుతుంది. కేఫ్‌లో తగ్గేదీ వడ్డీలో మిగిలేదీ కలిపి నెలకు 6,300 పైన. అది ఒక్కటే దాస్తే దాదాపు మూడేళ్లు పడుతుంది, జీతంలో మిగిలేది కూడా కలిపితే చాలా ముందే నిండుతుంది. ఆ మిగిలేది ఎటు పోతోందో మీరు రాయలేదు. ఒక నెల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని చూడండి.

ఇంకొకటి, మీరు అడగలేదు. అమ్మగారికి హెల్త్ పాలసీ ఉందా? ఆఫీసు పాలసీలో తల్లిదండ్రులకు కవరేజీ ఉందో లేదో హెచ్‌ఆర్‌ను అడగండి. ఉన్నా, ఉద్యోగం మారితే అది పోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు, ఆమె పేరున విడిగా ఒకటి తీసుకోండి. షుగర్, బీపీ ఉంటే ప్రపోజల్ ఫారంలో దాచకుండా రాయండి.