వర్చువల్ అసిస్టెంట్ పనికి డిపాజిట్ కట్టాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. చిన్న బట్టల దుకాణం ఉంది. మా అమ్మాయి బీకాం పూర్తిచేసింది. తెలుగు, ఒడియా, హిందీ ధారాళంగా మాట్లాడుతుంది. ఇంగ్లిష్ రాస్తుంది గానీ మాట్లాడమంటే జంకుతుంది. ఇంట్లోంచే వర్చువల్ అసిస్టెంట్‌గా పనిచేస్తానంటోంది. అందరికంటే తక్కువకి ఒప్పుకుంటే పని దొరుకుతుందని దాని లెక్క. ఒక సంస్థవాళ్లు ఫోన్ చేసి, 6,500 రూపాయలు డిపాజిట్ కడితే నెలనెలా పని పంపిస్తామన్నారు. కట్టమంటారా? అసలు దీన్ని ఉద్యోగం అనుకోవచ్చా?
- ఒక తండ్రి, గజపతి జిల్లా

జవాబు: ముందు డబ్బు సంగతి చెప్తాను. కట్టకండి. పేరు డిపాజిట్ అన్నా, రిజిస్ట్రేషన్ అన్నా, ట్రైనింగ్ కిట్ అన్నా ఒకటే. ఈ మోసం నడిచే తీరు నాకు బాగా తెలుసు. ముందు ఒప్పందం మీద సంతకం పెట్టిస్తారు. వందల కొద్దీ ఫారాలు నింపమని పంపిస్తారు. గడువు రోజున "మీ పనిలో తప్పులు ఉన్నాయి, ఒప్పందం తప్పారు, నష్టపరిహారం కట్టండి" అంటూ లాయరు నోటీసులాంటి కాగితం వాట్సాప్‌లో దిగుతుంది. ఆడపిల్లలు ఇంట్లో చెప్పుకోలేక భయపడి కట్టేస్తారు. మీ అమ్మాయి మీకు ముందే చెప్పింది, అది మీ ఇంటి అదృష్టం. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. "మీ ఖాతాలో డబ్బు వేస్తాం, మీరు ఇంకొకరికి పంపండి, కమీషన్ ఉంచుకోండి" అనే పని ఎవరిచ్చినా ముట్టుకోవద్దు. రేపు పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఆ ఖాతా ఎవరిదో వాళ్ల ఇంటికే.

ఇక అమ్మాయి కోరిక. అందులో తప్పేమీ లేదు. వర్చువల్ అసిస్టెంట్ అంటే దూరాన కూర్చుని పనిచేసే గుమస్తా. మెయిళ్లు చూడడం, అపాయింట్‌మెంట్లు రాసుకోవడం, బిల్లులు ఎక్సెల్‌లోకి ఎక్కించడం, ఆర్డర్లు ఇచ్చినవాళ్లకి జవాబులు చెప్పడం లాంటి పనులు. పీఎఫ్ ఉండదు, జీతంతో సెలవు ఉండదు. అందుకే బ్యాంకు పరీక్షలకి చదువుతుంటే మానిపించకండి, రెండూ సాగుతాయి.

తక్కువకి చేస్తాననడం మాత్రం నాకు నచ్చలేదు. మీరు దుకాణంలో గుమస్తాను పెట్టుకున్నప్పుడు అందరికంటే తక్కువ జీతం అడిగినవాణ్ణే పెట్టుకున్నారా? తెలిసినవాళ్లని వాకబు చేసి ఉంటారు. నాలుగు రోజులు బేళ్లు విప్పించి, చిట్టా రాయించి చూసి ఉంటారు. గల్లాపెట్టె తాళంచెవి ఎన్నాళ్లకి ఇచ్చారో గుర్తు తెచ్చుకోండి. అసిస్టెంటు కోసం వెతికేవాళ్ల మనసూ అంతే. చవకగా దొరకాలనుకుంటారు, నిజమే. కానీ వాళ్ల అసలు భయం మనిషి మధ్యలో మాయమైపోతుందేమోనని.

నా అనుభవమే చెప్తాను. ఒకసారి అడ్మిషన్ల సీజన్‌లో నాకు వచ్చే ఫోన్లు, మెయిళ్లు రాసిపెట్టడానికి ఒకరిని పెట్టుకున్నాను. అడిగినవాళ్లలో అందరికంటే తక్కువ రేటు. మూడో వారంలో ఫోన్ ఎత్తడం మానేశారు. 14 మంది పిల్లల అప్లికేషన్ తేదీలు ఆ షీట్‌లోనే ఉన్నాయి, ఆ షీట్ నా దగ్గర లేదు. రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్క తల్లికీ తండ్రికీ ఫోన్ చేసి మళ్లీ రాసుకున్నాను. తర్వాత పెట్టుకున్న అమ్మాయికి దాదాపు రెట్టింపు ఇచ్చాను. ఆమెలో నాకు నచ్చిందేమిటంటే, రోజూ సాయంత్రం ఆరింటికి మూడు వాక్యాల మెసేజ్ వచ్చేది: "ఈరోజు అయినవి ఇవి. మిగిలినవి ఇవి. వీటికి మీరు జవాబు చెప్పాలి." కరెంటు పోతే పోయిందనీ, జ్వరం వస్తే వచ్చిందనీ ముందే చెప్పేది. మీ అమ్మాయి మొదట నేర్చుకోవాల్సింది ఆ మెసేజ్ రాయడమే.

రేటు లెక్క ఇలా వేసుకోమనండి. రోజుకి రెండు గంటలు, నెలకి 25 రోజులు, అంటే 50 గంటలు. నెలకి 8,000 అడిగితే గంటకి 160 పడుతుంది. ఇంటర్నెట్ ఖర్చు, పని దొరకని నెలలు కూడా అందులోంచే రావాలి. ఫైవర్‌లాంటి, ఆన్‌లైన్‌లో పనులు కుదిర్చే వెబ్‌సైట్‌లో చేరితే సంపాదనలో 20 శాతం వాళ్లే ఉంచుకుంటారు. 5 డాలర్ల పనికి చేతికొచ్చేది 4 డాలర్లే. పైగా అమెరికా వాళ్ల పని వేళలంటే వేసవిలో న్యూయార్క్ ఉదయం తొమ్మిది మనకి సాయంత్రం ఆరున్నర. వాళ్లు ఆఫీసు మూసేసరికి మనకి అర్ధరాత్రి దాటి రెండున్నర. ఆరోగ్యం పాడుచేసుకుని ఆ పోటీలో దిగడం మొదటి ఏడాది అనవసరం.

మీ ఊరి సరిహద్దే ఆమెకి పెట్టుబడి. వీధి దాటితే పాతపట్నం, అక్కడ తెలుగు బిల్లు. ఇటు ఒడియా బేరం. పలాస జీడిపప్పు వ్యాపారులకీ, బరంపురం పట్టుచీరల దుకాణాలకీ వాట్సాప్‌లో మూడు భాషల్లో ఆర్డర్లు వస్తుంటాయి. వాటికి మర్యాదగా, తప్పుల్లేకుండా జవాబు రాసే మనిషి వాళ్లకి కావాలి. ఇంగ్లిష్ మాట్లాడడానికి జంకే పిల్లకి ఇంతకంటే మంచి మొదలు నాకు కనిపించడం లేదు.

మొదటి ఖాతాదారు మీరే అవ్వండి. మూడు నెలల అమ్మకం బిల్లులు ఆమె చేతిలో పెట్టండి. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసేవారికి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు మరుసటి నెల 11, పన్ను లెక్క చూపే 3బీకి 20. మీ ఆడిటరు అడగకముందే, గడువుకి నాలుగు రోజుల ముందు షీట్ ఆయనకి అందేలా చేయించండి. కూతురని ఊరికే చేయించుకోకండి, నెలకి ఇంత అని యూపీఐలో వెయ్యండి. పని బాగుంటే ఆడిటరు గారినే అడగండి, ఆయన దగ్గరికొచ్చే వ్యాపారుల్లో ఇంకొకరికి చెప్పమని. ఆయన చెప్పే ఒక్క మాట పది ప్రకటనల పెట్టు.

కొత్తవారి దగ్గర ముందు వారం రోజుల పని, దానికి డబ్బు, ఆ తర్వాతే నెల ఒప్పందం. ఎవరి పాస్‌వర్డూ, ఓటీపీ అడగొద్దని చెప్పండి. జీమెయిల్‌లో పాస్‌వర్డ్ ఇవ్వకుండానే ఇంకొకరికి మెయిల్ చూసే అనుమతి ఇవ్వచ్చు. అది ఎలాగో ఆమే నేర్చుకుని యజమానికి చూపిస్తే, ఆ యజమాని ఆమెని వదులుకోడు. షీట్లు ఎప్పుడూ యజమాని ఖాతాలోనే ఉంచాలి. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

ఆ సంస్థవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే మీరే ఎత్తండి, అమ్మాయిని మాట్లాడనివ్వకండి.